థర్మోస్టాట్ పీకేస్తే సరిపోతుందా?

పాత కారు వేడెక్కుతోందంటే మన షెడ్లలో చాలాచోట్ల ముందు ఊడేది థర్మోస్టాట్. నా మటుకు నాకు అది మరమ్మతు కాదు. చాలా కార్లలో 80 డిగ్రీలు దాటాక లోపలి మైనం కరిగి ఆ వాల్వు తెరుచుకుంటుంది. అదే లేకపోతే ఇంజిన్ చల్లగానే నడిచి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది.

ఎప్పుడు వేడెక్కుతోందో ముందు గమనించండి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడైతే ఫ్యాన్‌ను అనుమానించాలి. హైవే మీదైతే రేడియేటర్ పూడిందేమో చూడాలి. ఏళ్ల తరబడి బోరునీళ్లు పోస్తే, బిందె అడుగున కట్టే తెల్లటి పొలుసే అక్కడా కడుతుంది. మూత రబ్బరూ చూడండి: ప్రెషర్ కుక్కర్‌లోలాగే ఆ ఒత్తిడి వల్లే నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. అందుకే వేడి మీద మూత తిప్పకూడదు. థర్మోస్టాట్ మీదే అనుమానమైతే ఊడదీసి, మరిగే నీళ్లలో వేసి చూడండి. తెరుచుకోకపోతే కొత్తది వేయించండి.