హన్నాను ఒంటరిగా పంపవద్దు

పెండ్లియై మూడేండ్లు, నాలుగేండ్లు గడచినను కడుపు పండలేదని మాకు ఉత్తరములు వ్రాయు సహోదరీలు చాలమంది. సహోదరులు వ్రాయు ఉత్తరములు బహు అరుదు. పట్నము పోయి వేలు ఖర్చుపెట్టలేము, ఇంటివద్దనే చేయదగినదేమైన ఉన్నదా అని వారడుగుచున్నారు.

ఈ ప్రశ్న పాతదే. ఆదికాండము 30వ అధ్యాయములో రాహేలు, రూబేను పొలమునుండి తెచ్చిన పుత్రదాత వృక్షపు పండ్లను ఆశించి, అందుకు బదులుగా యాకోబుతో తన రాత్రిని లేయాకు విడిచిపెట్టెను. పండ్లు రాహేలుకు దక్కెను, గర్భము లేయాకు కలిగెను! నేటి చెట్టుమందుల సంగతియు ఇంతే. పేరు తెలియని పొడులు, బిళ్లలు కొనవద్దు. అట్టి కొన్ని మందులలో సీసము, పాదరసము ఉన్నట్లు పరీక్షలలో తేలినది. తాయెత్తుల విషయము విశ్వాసులకు మేము చెప్పనక్కరలేదు, అయినను అత్తగారి బలవంతముమీద చీర మడతలలో దాచుకొనువారున్నారని విన్నాము.

ఇంటివద్ద నిజముగా పనికివచ్చునది దినముల లెక్క. ముట్టు కనబడిన దినమును ఒకటిగా లెక్కించి క్యాలెండరులో గుర్తుపెట్టండి. రాబోవు ముట్టుకు సుమారు 14 దినముల ముందు స్త్రీలో అండము విడుదలగును. 28 దినములకు ముట్టగు స్త్రీకి అది సుమారు 14వ దినము, 32 దినములకైతే 18వ దినము. అండము ఒక్క దినమునకు మించి బ్రదుకదు. పురుషుని బీజకణములు స్త్రీ శరీరములో 5 దినములవరకు బ్రదుకగలవు. కావున అండము విడుదలకు ముందటి 5 దినములు, ఆ దినము ముఖ్యము. దినము విడిచి దినము కలిసిన చాలును. ఆ దినములలో పచ్చి గ్రుడ్డు తెల్లసొనవలె సాగెడి తేటయైన ద్రవము కనబడును. ముట్టు క్రమము తప్పినవారికి ఈ లెక్క కుదరదు, వారు డాక్టరును చూడవలెను.

సంఘకాపరి ఇట్టివి వ్రాయవచ్చునా అని కొందరు పెద్దలు నొచ్చుకొనవచ్చును. లేవీయకాండము 15వ అధ్యాయము చదివినవారు నొచ్చుకొనరు.

మరియొక సంగతి. భర్త గల్ఫులోనో, హైదరాబాదులో కూలిపనిలోనో ఉండి, క్రిస్మసుకు పది దినములు వచ్చి వెళ్లును. ఆ పది దినములలో అండము విడుదలగు దినము రానే రాకపోవచ్చును. ఏండ్లు గడచును, ఊరు మాత్రము భార్యను గొడ్రాలనును. ఇద్దరిలోను ఏ లోపము లేకపోవచ్చును గదా!

ఇక భర్తలారా, మీతో సూటిగా మాటలాడుదుము. సంతానము లేని దంపతులలో దాదాపు సగముమంది విషయములో పురుషునియందు కూడ కారణముండును. బీడీ, చుట్ట, గుట్కా, సారా, ఎడతెగక బట్టీల వేడిలో పని, ఇవి బీజకణములను తగ్గించును. కండలకొరకు హార్మోను ఇంజెక్షనులు వేయించుకొను యువకులు, ఆ మందు బీజకణముల తయారీనే ఆపివేయగలదని తెలిసికొనండి. కొత్త బీజకణములు తయారగుటకు రెండున్నర నెలలు పట్టును. నేడు బీడీ మానినవాడు వచ్చే వారము ఫలితము చూడడు, మూడు నెలలు ఓర్చవలెను.

భార్య దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లపు బిళ్ల గర్భమునకు ముందునుండియే వేసికొనుట మంచిది. ఏ.ఎన్.ఎమ్. గారిని అడగండి. అది గర్భము తెప్పించు మందు కాదు, శిశువు వెన్నెముక, మెదడు లోపములు రాకుండ కాపాడును. అధిక బరువువలన ముట్టు తప్పుచున్నయెడల, బరువులో ఇరువదియవ వంతు తగ్గినను కొందరికి క్రమము తిరిగి వచ్చును.

ఏడాదిపాటు కలిసియుండియు ఫలించనిచో ఇంటి ప్రయత్నముతో ఆగవద్దు. భార్యకు 35 ఏండ్లు దాటినచో ఆరు నెలలే గడువు. ముట్టు రానివారు, పూర్వము క్షయ వచ్చినవారు, యౌవనములో గవదబిళ్లలతో వృషణములు వాచిన పురుషులు అంతవరకును ఆగనక్కరలేదు. క్షయ గర్భనాళములను మూసివేయగలదు.

మొదట పరీక్ష చేయించుకొనవలసినది భర్తయే. 2 నుండి 7 దినములు కలయిక మాని, వీర్యమును ఒక సీసాలో ఇచ్చుటయే ఆ పరీక్ష. సూది లేదు, కోత లేదు. దానికి ఒప్పుకొనక, భార్యను మూడు ఆసుపత్రులు త్రిప్పి, స్కానులకు పొలము కుదువపెట్టి, చివరకు రెండవ పెండ్లి మాటెత్తు కుటుంబములు మన సంఘములలోనే ఉన్నవి. ఎల్కానా పెనిన్నా ద్వారా పిల్లలను కనియు హన్నాను ప్రేమించుట మానలేదు, ఆమె భాగము తగ్గించలేదు.

హన్నా మౌనముగా పెదవులు కదల్చుచుండగా యాజకుడైన ఏలీయే ఆమెను మత్తురాలనుకొనెను. సేవకులమైన మాకు ఇది హెచ్చరిక. కూడికలలో పిల్లలు లేనివారిని పేరుపెట్టి ముందుకు పిలిచి ప్రార్థించుట, శ్రీమంతమునకు, ఊయల ప్రార్థనకు వారిని పిలువక మానుట, ఈ రెండును మన సంఘములలో ఆగవలెను. వారి యింటికి వెళ్లి, తలుపు వేసికొని, ఇద్దరితోను కలిసి ప్రార్థించవచ్చును. భర్త పరీక్షకు వెళ్లుటకు సిగ్గుపడినయెడల, సంఘపెద్దలలో నోరు కట్టుకొనగల ఒకరు బస్సెక్కి అతనికి తోడు వెళ్లవచ్చును.