సరసమైన బేరం

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు పెద్దలు. వాడిన వస్తువుల విషయంలో ఆ మాట మరీ నిజం. అయిదేళ్ల క్రితం 22,000 రూపాయలు పోసి కొన్న బేస్ గిటార్‌ను ఇవాళ అమ్మకానికి పెడితే అడిగే నాథుడుండడు. అడిగినవాడు సగానికి సగం కోసి అడుగుతాడు. అలాంటి గిటార్ కోసమే నెలల తరబడి వెతుకుతున్న కుర్రాడికేమో ఎక్కడ చూసినా ధర కొండెక్కి కూర్చున్నట్టే ఉంటుంది. ఇద్దరూ మంచివాళ్లే, ఎదుటివాడు తనను ముంచేస్తాడేమోనన్న భయమూ ఇద్దరిదీ. ఆ భయం పోయి, ఒక అంకె దగ్గర ఇద్దరూ తృప్తిగా చేతులు కలిపే దారి ఏమిటన్నది కాస్త ఆగి ఆలోచించదగ్గ సంగతి.

రేడియో రిపేర్ల దుకాణం నడిపిన లియో ఫెండర్ 1951లో కాలిఫోర్నియా నుంచి ‘ప్రెసిషన్ బేస్’ అనే బేస్ గిటార్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. అంతవరకూ మనిషెత్తు డబుల్ బేస్‌ను మోసుకు తిరిగిన వాద్యకారులకు భుజాన వేసుకుపోయే వాద్యం దొరికింది. దానికి నాలుగే తీగలు. అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు మాత్రమే కంపిస్తుంది. వినేవాళ్లలో చాలామంది ఆ నాదాన్ని విడిగా పోల్చుకోలేరు. అది ఆగిపోతే మాత్రం పాట బోసిపోయిందని ఇట్టే పసిగడతారు. ఇళయరాజా పాటల్లో బేస్ ఎంత అందంగా నడుస్తుందో చెవి పెట్టి విన్నవాళ్లకు దాని మీద మోజు పుట్టడం వింత కాదు. ఇవాళ కోస్తా ఊళ్ల చర్చిల్లో, కాలేజీ బ్యాండ్లలో, ఆర్కెస్ట్రా బృందాల్లో ఆ మోజుతో వాయించే పిల్లలున్నారు. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు. చేతులు మారిన గిటారే వాళ్లలో చాలామందికి తొలి గురువు.

అమ్మేవాళ్ల కథలు ఇంకో రకం. ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయేవాడొకడు. బ్యాండు చెదిరిపోయాక మూల పడి ఉన్న గిటార్‌ను చూడలేక అమ్మేసేవాడొకడు. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోక, నాలుగు డబ్బులు అక్కరపడి అమ్ముకునేవాడు మరొకడు. బేరం వక్రించేది సరిగ్గా ఇక్కడే. అమ్మేవాడి అక్కర కనిపెట్టిన కొనుగోలుదారు ఇంకో రెండు వేలు దించుతాడు. కొనేవాడి కళ్లలో మెరుపు చూసిన యజమాని ఇంకో రెండు వేలు ఎక్కిస్తాడు. రెండు సందర్భాల్లోనూ ఆ రెండు వేలకూ గిటార్‌కూ ఏ సంబంధమూ లేదు. వస్తువును బట్టి కట్టిన ధర న్యాయమైనది. ఎదుటివాడి అవసరాన్ని బట్టి కట్టినది, ఎంత తెలివిగా సాధించినా, ఒకరి ఇబ్బంది మీద మరొకరు వేసుకున్న పన్ను.

వస్తువును బట్టి ధర కట్టాలంటే వస్తువు సంగతి ఇద్దరికీ సమానంగా తెలిసి ఉండాలి. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని ఈ చిక్కుముడిని విప్పి చూపాడు. ఏ కారు మంచిదో ఏది డొక్కుదో కొనేవాడికి తెలియనప్పుడు దేనికైనా మధ్యరకం ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి కారు ఇవ్వడం ఇష్టంలేనివాళ్లు బజారు నుంచి తప్పుకుంటారు. చివరికి డొక్కువే మిగులుతాయి. 2001లో ఆయన నోబెల్ పురస్కారం అందుకోవడానికి ఈ ఆలోచనే పునాది. గిటార్లకూ ఇదే సూత్రం. దాచిపెట్టిన లోపం కొన్నవాణ్ని ఎలాగూ ముంచుతుంది. అంతకు మించి, రేపు నిజాయితీగా అమ్మబోయేవాడి మాటకు కూడా విలువ లేకుండా చేస్తుంది.

సంతలో ఎద్దును కొనే రైతు పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. బేస్ గిటార్‌నూ అంత ఓపికగానే చూడాలి. హెడ్ వైపు నుంచి ఒక కన్ను మూసి నెక్ పొడవునా చూపు పారిస్తే వంపు తెలిసిపోతుంది. నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలే ఫ్రెట్లు. తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర మరో చేత్తో నొక్కిపట్టి మధ్యలో గమనించాలి. విజిటింగ్ కార్డు దూరేంత సందుంటే మేలు. సందు ఎక్కువైతే నెక్ లోపలున్న ట్రస్ రాడ్‌ను కొద్దిగా తిప్పి సరిచేయొచ్చు. ఒక్కో తీగ మీద ఒక్కో ఫ్రెట్ నొక్కుతూ వాయిస్తే ఎక్కడ బర్రుమంటోందో, ఎక్కడ స్వరం చచ్చిపోతోందో బయటపడుతుంది. 12వ ఫ్రెట్ దగ్గర పలికే స్వరం ఖాళీ తీగ స్వరానికి సరిగ్గా పై స్థాయిలో ఉండాలి. నాబ్‌లు తిప్పితే గరగర వినిపించడం చాలాసార్లు లోపల దుమ్ము చేరడం వల్లే, శుభ్రం చేస్తే పోతుంది. కేబుల్ కదిపినప్పుడల్లా శబ్దం తెగిపోతుంటే జాక్ దగ్గర సోల్డరింగ్ ఊడి ఉండొచ్చు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బ్రిడ్జినీ స్క్రూలనూ తుప్పు కోసం ప్రత్యేకంగా పరీక్షించాలి.

ఇలా చూసినవాటిని మూడు కుప్పలుగా విడదీస్తే బేరం సగం తెగినట్టే. మొదటిది, మరమ్మతుతో పోయే లోపాలు. వాటికి మరమ్మతు ఖర్చెంతో అంతే తగ్గించమనాలి, అంతకు మించి అడగడం అత్యాశ. రెండోది, వాయించేటప్పుడు అడ్డం రాని గీతలు, పెచ్చులూడిన రంగు. వాడిన వస్తువు కనుకనే ధర తగ్గింది, గీతల పేరు చెప్పి మళ్లీ తగ్గించమనడం ఒకే లోపానికి రెండుసార్లు వసూలు చేయడం. మూడోది, మెలి తిరిగిన నెక్, విరిగి అతికిన హెడ్, ఎంతకీ తిరగని ట్రస్ రాడ్ లాంటి పెద్ద జబ్బులు. అలాంటిది కారుచౌకగా వచ్చినా, మొదటి గిటార్ కొనుక్కుంటున్న విద్యార్థి దాని జోలికి పోకపోవడమే మంచిది.

మొదట చెప్పిన 22,000 రూపాయల గిటార్‌నే తీసుకుందాం. అలాంటిదే బాగున్న స్థితిలో చేతులు మారితే అరవై శాతం పలుకుతోందనుకుంటే 13,000 పైచిలుకు. తీగలు తుప్పు పట్టాయి, కొత్త సెట్టుకు 2,000. నెక్ వంపు వగైరా సరిచేసే సెటప్‌కు ఓ 1,000. అంటే 10,000 చిల్లర. యజమాని మందపాటి బ్యాగూ మంచి కేబులూ కలిపి ఇస్తున్నాడు, వాటికి 1,500 వేసుకోవచ్చు. లెక్క 11,500 నుంచి 12,000 మధ్య తేలింది. పదహారు వేలతో మొదలుపెట్టిన యజమానీ ఎనిమిది వేలతో మొదలుపెట్టిన కొనేవాడూ ఈ లెక్కను ఒకే కాగితం మీద కలిసి వేసుకుంటే గొంతు పెంచే పని ఎవరికీ ఉండదు. గిటార్ ముఖం చూడకుండానే ‘లాస్ట్ ఎంత?’ అని ఫోనులో మెసేజి పెట్టడం కన్నా, ‘అన్నా, వాయించి చూసి మాట్లాడతాను’ అనడంలో ఎంతో మర్యాద ఉంది. ‘తమ్ముడూ, మూడో ఫ్రెట్ అరిగింది, ముందే చెబుతున్నా’ అన్న యజమాని మాటలో అంతకన్నా ఎక్కువ మర్యాద ఉంది. ఆ ఒక్క మాటతో అతడు చెప్పే మిగతా మాటలన్నీ నమ్మబుద్ధేస్తుంది. మన బజార్లలో కొసరు వేయడం పాత ఆనవాయితీ. ఒక స్ట్రాపో, పాత ట్యూనరో కొసరుగా చేతిలో పెడితే అమ్మినవాడికి పోయేది స్వల్పం, కొన్నవాడికి మిగిలే సంతోషం అధికం.

ధర మరీ చవగ్గా ఉన్నప్పుడు మాత్రం అది ఎక్కడిదని అడగక తప్పదు. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో సుమారు 30 పౌండ్లకు హోఫ్నర్ బేస్ కొనుక్కున్నాడు. ఫెండర్ కొనే తాహతు అప్పుడాయనకు లేదు. బీటిల్స్ తొలి పాటల్లో మోగిన ఆ బేస్ 1972లో లండన్‌లో దొంగల పాలైంది. అది తిరిగి ఆయన చేతికి చేరిందన్న కబురు 2024లో గానీ లోకానికి తెలియలేదు. అరవయ్యేళ్ల కిందటి 30 పౌండ్ల వాద్యం కోసం యాభయ్యేళ్లు ఎదురుచూసిన మనిషి ఆయన. ఎవరి గిటార్ అయినా అంతే, పోగొట్టుకున్నవాడికి అది ప్రాణసమానం. బిల్లుందా, సీరియల్ నంబరు చెరిపేయకుండా ఉందా అని అడగడాన్ని నిజమైన యజమాని ఎవరూ అవమానంగా భావించడు. బిల్లు పోయినా, కొన్న రోజుల ఫోటోలో, అప్పట్లో వాయించిన వీడియోలో చూపించగలడు.

ఫ్రెట్లు లేని 1962 నాటి జాజ్ బేస్‌తో ప్రపంచానికి కొత్త నాదాన్ని వినిపించిన జాకో పాస్టోరియస్ ఆ వాద్యాన్ని 90 డాలర్లకే పాతది కొన్నాడని చెబుతారు. ఆ తర్వాత అది పలికిన సంగీతానికి ఖరీదు కట్టగలవాళ్లు లేరు. అమ్మినవాడు మోసపోయాడని దీనర్థం కాదు. ఆ రోజు ఆ వస్తువు తీరును బట్టి కుదిరిన ధర ఒకటి, దాని మీద ఒక మనిషి ఏళ్ల తరబడి చేసిన సాధన వల్ల వచ్చిన విలువ మరొకటి. అందుకే యజమాని తన జ్ఞాపకాలకు కూడా ధర కలిపి అడగడం తగదు. కొనేవాడు రేపటి తన కలలను తలచుకుని అప్పు చేసి మరీ ఎక్కువ పెట్టనక్కర్లేదు.

బేరమాడటం తప్పు కాదు. నాలుగు చోట్ల వాకబు చేయడం, నోరు తెరిచి అడగడం, కుదరకపోతే నమస్కారం పెట్టి లేచి రావడం, అన్నీ మన సంతలు నేర్పిన విద్యలే. వాటికి ఒక్క నియమం తోడైతే చాలు. ఇదే గిటార్‌ను రేపు నేను అమ్మాల్సి వస్తే ఈ ధరకు సంతోషంగా ఇస్తానా అని కొనేవాడు, కొనాల్సి వస్తే ఇంత పెడతానా అని అమ్మేవాడు తమను తాము అడిగి చూసుకోవాలి. ఇద్దరి జవాబూ అవునన్న చోట డబ్బు చేతులు మారాలి. అలా అమ్మినవాడికి నెల తిరిగాక కూడా ‘అన్నా, ఈ తీగలు ఏ కంపెనీవి వాడేవాడివి?’ అని ఫోను వస్తుంది. అతడూ విసుక్కోకుండా జవాబు చెబుతాడు. వంద రూపాయలు అటో ఇటో మిగుల్చుకోవడం కన్నా సంగీతంలోకి అడుగుపెడుతున్న పిల్లవాడికి ఇలాంటి పరిచయం దక్కడమే పెద్ద లాభం.