సముద్రం అవతలి పంతులమ్మ



మీలో ఎవరికైనా జపాను భాష నేర్చుకోవాలని ఉన్నదా? మన వీధిలో ఆ భాష వచ్చినవారు లేరే అని దిగులు పడనక్కరలేదు. ఈ రోజుల్లో జపానులో కూర్చున్న పంతులమ్మ మన ఇంట్లోని కంప్యూటరు తెరమీద కనిపించి పాఠం చెబుతుంది. అయితే గడియారం చూసుకోవటం మరవకండి. జపాను మనకన్న మూడున్నర గంటలు ముందు నడుస్తుంది. మనకు సాయంత్రం 5 గంటలైతే అక్కడ రాత్రి 8.30 అన్నమాట!

మీ మాట అంత దూరం ఎలా పోతుందో తెలుసునా? మైకు మీ గొంతును విద్యుత్తుగా మారుస్తుంది. యంత్రం దాన్ని అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలు వెలుగు మిణుకులై, సముద్రం అడుగున పరచిన తీగలలో ప్రయాణం చేస్తాయి. ఆ తీగలలోపల వెంట్రుకంత సన్నని గాజుపోగులు ఉంటాయి. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అయినా రెప్పపాటు ఆలస్యం తప్పదు. అందుకే ఒకరు మాట ముగించినాకనే రెండవవారు అందుకోవాలి.

“పుస్తకం ఉండగా ఇదంతా ఎందుకు?” అంటారేమో. పుస్తకానికి చెవులు లేవు మరి! జపాను భాషలో “ఒబసన్” అంటే పిన్ని, లేక అత్త. “ఒబాసన్” అంటే అవ్వ. పాఠం మధ్య పంతులమ్మగారి పిన్ని తెరమీదికి వచ్చిందనుకోండి. మీరు ఒక్క అక్షరం సాగదీశారా, ఆమెను ముసలమ్మను చేసినట్టే! పుస్తకం ఊరుకుంటుంది. పంతులమ్మ నవ్వి, మళ్ళీ చెప్పమంటుంది.

ఈ విషయంలో తెలుగు పిల్లలు అదృష్టవంతులు. “పడు” వేరు, “పాడు” వేరు అని మనకు ఊయలలోనే తెలుసు. వాక్యం కూడా మన వరసలోనే నడుస్తుంది. “వతషి” అంటే నేను, “మిజు” అంటే నీళ్ళు, “నొమిమస్” అంటే తాగుతాను. “వతషి వ మిజు ఒ నొమిమస్” అంటే “నేను నీళ్ళు తాగుతాను.” చూశారా, క్రియ చివరనే ఉన్నది! మనం పేరు తరవాత “గారు” అన్నట్టు వారు “సన్” అంటారు.

ఇక అసలు సరదా వినండి. కొందరు డబ్బు తీసుకోకుండా, భాషకు భాష ఇచ్చి పుచ్చుకుంటారు. అరగంట మీరు జపాను భాష నేర్చుకుంటే, తరవాత అరగంట మీరు వారికి తెలుగు నేర్పాలి. అప్పుడు మీరే పంతులు! “పాత పాట” అనమంటే పాపం, అవతలివారు “పాత పాత” అంటారు. వారి భాషలో మన “ట” లేదు. “పులి” అనమంటే “పురి” అని వినిపించవచ్చు. వారికి ల, ర వేరు వేరుగా లేవు.

మరి “ట”ను ఎలా నేర్పుతారు? అద్దం ముందు నిలబడి “త, ట” అని చూడండి. “త”కు నాలుక పళ్ళను తాకుతుంది. “ట”కు వెనక్కు మడిగి అంగిలిని తాకుతుంది. ఇన్నేళ్ళుగా మీ నోట్లో జరుగుతున్న ఈ సంగతి మీరు ఎన్నడైనా గమనించారా?

తప్పు పలుకుతామేమో అని సిగ్గుపడి నోరు మూసుకునే పిల్లలు చాలామంది ఉంటారు. కాని అంత పెద్దావిడ మీ ముందు పదిసార్లు తడబడి, పదకొండవసారి “పాట” అని సరిగా అంటే మీకు ఎంత సంతోషం కలుగుతుంది! మీరు తడబడినప్పుడు ఆమె ఎందుకు విసుక్కోలేదో అప్పుడు తెలుస్తుంది.

పెద్దలకు ఒక మాట: పాఠం జరిగేటప్పుడు పిల్లల పక్కన కూర్చోండి. ఇంటి చిరునామా, ఫోను నంబరు కొత్తవారికి చెప్పకుండా చూడండి. కూర్చున్నందుకు మీకూ నాలుగు జపాను మాటలు రాకపోవు!