వేలు కాలితేనేం?

మా అమ్మాయి వేసవి సెలవుల్లో రోబోల తయారీలో ఇంటర్న్‌షిప్ చేస్తానంటే, "ఆడపిల్లకి స్క్రూడ్రైవరెందుకమ్మా?" అన్నారు మా అత్తగారు. నెల తిరిగేసరికి పిల్ల సోల్డరింగ్ చేస్తూ వేలు కాల్చుకుంది. ఇంక చూడండి, ఇంటిల్లిపాదీ శోకాలు!

పోపు చిట్లి మన చేతులు బొబ్బలెక్కినప్పుడు ఈ 'అయ్యయ్యో'లు ఎక్కడికి పోయాయండీ?

ఆర్ట్స్ చదివిన నాకు తెలిసిన రోబో నాటకంలోదే. 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకంతో ఆ మాట లోకానికి తెలిసింది. 'రొబోత' అంటే వాళ్ళ భాషలో వెట్టిచాకిరీ. చాకిరీ ఆడవాళ్ళదీ, మరమ్మతు మగవాళ్ళదీనా?

"ఏం నేర్చుకున్నావే?" అనడిగాను.

"నల్లగీత వెంట నడవాల్సిన బండి మలుపులో ప్రతిసారీ గీత దాటేసేదమ్మా. దాన్ని తిట్టి లాభం లేదు. సెన్సారు సరిచూసుకోవాలి, వేగం తగ్గించాలి, మళ్ళీ నడిపించాలి" అంది.

తప్పు జరిగితే ఏడుస్తూ కూచోకుండా కారణం వెతకడం! మనకెవరు నేర్పారిది? ఫ్యూజు పోతే మగవాళ్ళొచ్చేదాకా చీకట్లో కూచున్నవాళ్ళమే కదా!

సంబంధాలు వెతికేముందు పిల్ల చేతికి స్క్రూడ్రైవరివ్వండి. కాలిన వేలు వారంలో మానుతుంది. చేతకానితనం జన్మంతా మానదు.