తెల్లబడ్డ తలుపు

ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చిందంటే పాలిష్ మేస్త్రీలకు చేతినిండా పనే. గృహప్రవేశాలు, పెళ్లిళ్లు అన్నీ అప్పుడే. ముహూర్తం ఇంకా రెండ్రోజులుందనగా మూసారాంబాగ్‌లోని ఓ ఇంట్లో సింహద్వారానికి లక్కర్ కొడతారు. బయట ముసురు. సాయంత్రానికి అద్దంలా మెరవాల్సిన టేకు తలుపు విబూది పూసినట్టు తెల్లబడుతుంది! సరుకు నాసిరకమంటాడు ఇంటాయన. డబ్బా మీ ముందే తెరిచాను కదా సార్ అంటాడు మేస్త్రీ. కాగితం పట్టి రుద్ది మళ్లీ కొట్టే కూలి ఎవరిది? ఎక్కువసార్లు మేస్త్రీ నెత్తినే పడుతుంది. పాపం, తప్పు అతనిదీ కాదు, డబ్బాదీ కాదు. గాలిలో తేమది.

ఈ లక్కర్లలో ఎక్కువగా వాడేది నైట్రోసెల్యులోజ్ అనే పాలిమర్. దాన్ని థిన్నర్‌లో కరిగిస్తారు. థిన్నర్ ఆవిరవుతూ పూతలోని వేడిని పట్టుకుపోతుంది. చేతిమీద స్పిరిట్ పడితే చల్లగా తగిలేది ఇందుకే. గాలి 30 డిగ్రీల వేడితో, 85 శాతం తేమతో ఉందనుకుందాం. పూత 27 డిగ్రీలకు దిగితే చాలు, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టు దానికీ చెమట పడుతుంది. తేమ 40 శాతమే ఉంటే 15 డిగ్రీల దాకా చల్లబడాలి. అంత చల్లదనం మామూలుగా రాదు. పట్టిన నీటిలో నైట్రోసెల్యులోజ్ కరగదు. పాలు విరిగినట్టు విడిపోయి, కంటికి కనిపించని గుల్లలతో గట్టిపడుతుంది. వెలుతురు వాటిలో చెదిరి తెల్లగా కనిపిస్తుంది.

2022 జులైలో జంట జలాశయాల గేట్లెత్తగా మూసారాంబాగ్ వంతెన మీదుగా మూసీ పారింది. అలాంటి రోజుల్లో డబ్బా మూత తియ్యకపోవడమే మేలు.

తేమ అన్నిటికీ శత్రువేం కాదు. వడ్రంగి వాడే తెల్లజిగురులో ఉన్నది నీరే కాబట్టి ముసురులో ఆలస్యంగా ఆరుతుంది. చుక్క వేస్తే క్షణంలో అంటుకునే జిగురు మాత్రం ఆ తేమతోనే గట్టిపడుతుంది. 1994లో ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ ఫ్రాంస్వా బృందమైతే తలుపును చెడగొట్టే ఈ నీటిచుక్కలనే అచ్చులుగా వాడుకుని, పాలీస్టైరీన్‌తో తేనెపట్టులాంటి పొరలు తయారుచేసింది.

మళ్లీ తలుపు దగ్గరికొద్దాం. తప్పనిసరైతే ఎండ కాసిన పూట, పలుచగా, నెమ్మదిగా ఆరే థిన్నర్ కలిపి కొట్టించాలి. మేస్త్రీలు దాన్నే రిటార్డర్ అంటారు. ఇప్పటికే తెల్లబడిందా? వెంటనే గీకించకండి. పొడిగా ఉన్న రోజున అదే రిటార్డర్‌ను పైన సన్నగా స్ప్రే చేయించి చూడండి. పైపొర కాస్త కరిగి, లోపలి తేమ బయటికి పోయి, చాలాసార్లు టేకు రంగు తిరిగొస్తుంది.