ఉంచుకున్నదా? ఇల్లాలా?

కూలికి పోయి, పిల్లల్ని కని, ఇరవై ఏండ్లు కాపురం చేసిన మన ఆడబిడ్డ, మొగుడు చచ్చిన మర్నాడే 'ఉంచుకున్నది' అయిపోతోంది. ఇంటిజాగాకు పెండ్లి కాగితం తెమ్మంటే మనం నోరెత్తలేకపోతున్నాం. మారుమనువుకు శుభలేఖ ఎక్కడిది, ఫోటో ఎక్కడిది?

ఏండ్ల తరబడి ఆలుమగలుగా బతికితే పెండ్లయినట్టే ఎంచాలని 1978లోనే బద్రీప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాదన్నవాడే రుజువు చూపాలి. ఈ మాట మన వాడలకు ఎవరు చేరవేశారు?

మెలిక ఒకటుంది. మొదటి భార్య బతికుండి, విడాకులు కాకుంటే ఈ తీర్పు ఆదుకోదు. కులపెద్దల ముందు తెగదెంపులైతే, ఆ ఆచారాన్ని హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఒప్పుతుంది. గానీ రుజువు కావాలి. పెద్దల వేలిముద్రలతో కాగితం రాయించుకోవాలి.

రేషన్ కార్డు, ఓటరు జాబితా, బడి రిజిస్టరులో తండ్రి పేరు – పనికొచ్చే సాక్ష్యాలివే. కార్యకర్తలారా, ఈ పక్షం వాడవాడా తిరిగి ఇవి సరిచూడండి. పేరు లేనిచోట, మొగుడు బతికుండగానే ఎక్కించండి.