వేయిమందిని గెలిచిన వీరుడు

గడచిన వేసవి సెలవులలో మా విద్యార్థి యొకడు సంతవీధిలో ఎదురుపడి, “సార్, నిన్న ఒక్క యుద్ధంలో వెయ్యిమందిని చంపేసినాను!” అని మిక్కిలి సంతోషముతో చెప్పెను. ఆ బాలుడు చీమకైనను హాని తలపెట్టనివాడు. అతడు చెప్పినది ‘డైనాస్టీ వారియర్స్’ అను వీడియో ఆటను గూర్చి యని పిదప తెలిసినది. ప్రక్కనున్న అతని తల్లి మాత్రము, “ఆ పెట్టెను తీసుకుపోయి బావిలో వేస్తాను. మీరైనా బుద్ధి చెప్పండి సార్” అని వాపోయెను. చూడని వస్తువుపై తీర్పు చెప్పుట ఉపాధ్యాయులకు తగదు. కావున ఆ బాలుని ఇంటనే రెండు ఆదివారములు కూర్చుండి మేమును ఆడితిమి. మాకు తోచినదానిని ఇచట తల్లిదండ్రులకును విద్యార్థులకును విన్నవించుచున్నాము.

ఈ ఆట జపానువారిది. కోయీ సంస్థలోని ఒమెగా ఫోర్స్ అను శాఖ దీనిని నిర్మించినది. 1997లో వెలువడిన మొదటి ఆట ఇద్దరు వీరుల ద్వంద్వయుద్ధము మాత్రమే. 2000లో ప్లేస్టేషన్ 2 యంత్రమునకై వచ్చిన రెండవదానితో అది రణరంగమంతటికిని విస్తరించినది. కథ మాత్రము చీనాదేశపుది. క్రీ.శ. 184లో హాన్ సామ్రాజ్యముపై తిరుగుబాటు చెలరేగినది మొదలు, దేశము మూడు రాజ్యములుగా చీలి, 280లో మరల ఏకమగువరకు జరిగిన చరిత్ర అది. పదునాలుగవ శతాబ్దివాడగు లువో గ్వాన్‌జోంగ్ రచించెనని చెప్పబడు ‘మూడు రాజ్యముల కథ’ అను మహానవల ఈ ఆటకు ఆధారము.

దీని ఆకర్షణ యెట్టిదో మొదటి గడియలోనే మాకు బోధపడినది. ఒక మీట నొక్కిన చిన్న వేటు. మరియొకటి నొక్కిన పెద్ద వేటు. రెంటిని కలిపి ప్రయోగించిన, ఎదుటి వరుస వరుసయే గాలిలోనికి లేచి పడును. పడినవారి లెక్క తెరపై పెరుగుచుండును. అయినను ఇది వట్టి నరుకుట కాదు. ఒకచోట మన సేనాని చిక్కుపడును. వేరొకచోట కోటద్వారము శత్రువశమగును. ఎటు పరుగిడవలెనో మనమే నిశ్చయింపవలెను. హూలావ్ ద్వారము కడ లూ బూ అను మహాయోధుడు కనబడినపుడు, అతనిని వెంబడింపవలదని హెచ్చరిక వచ్చును. వెంబడింపని బాలుడు లేడు. మొదటిసారి కూలని బాలుడును అరుదు. మేమును కూలితిమి.

ఇంట ఒక భాష, అంగడిలో ఒక భాష, కార్యాలయమున వేరొక భాష మాటాడుచు, ప్రతిచోటను ఒక అడుగు వెనుక నిలుచుటకు అలవాటుపడిన మన పిల్లలకు, తాము అడుగిడిన చోట సేనలు విడిపోవు లోకమొకటి దొరకినచో, దానిపై మక్కువ కలుగుటలో వింత యేమున్నది? ఈ సంగతి గ్రహింపక యంత్రమును బావిలో వేసిన ప్రయోజనము లేదు.

ఇక దోషములు. నాలుగు యుద్ధములు ముగియునప్పటికి చేతికి పని గలదు గాని బుద్ధికి పని తగ్గినది. అవే వేట్లు, అవే కేకలు. సామాన్య సైనికులు పెక్కుమంది ఆయుధము పట్టుకొని, నరకబడుటకై వేచియున్నట్లు నిలుచుందురు. పాత ఆటలలో దూరమంతయు మంచు కప్పియుండి, సైనికులు ఉన్నట్లుండి శూన్యమునుండి పుట్టుకొని వచ్చెడివారు. 2018లోని తొమ్మిదవ ఆట రణరంగమును దేశమంత పెద్దది చేసినది గాని, ఆ వైశాల్యము చాలవరకు వెలితియే యని ఆటగాండ్రు విమర్శించిరి. 2025లో వచ్చిన ‘ఆరిజిన్స్’లో సేనలు నిజముగా సేనలవలె కదలుచున్నవి. యంత్రము పెరిగినకొలది ఈ లోపములు తీరునని దీనినిబట్టి తెలియుచున్నది.

యంత్రము తీర్పజాలని లోపము వేరొకటి కలదు. “నీవు చంపిన ఆ వేయిమంది ఎవరురా?” అని మేము ఆ బాలుని అడిగితిమి. “పసుపు తలపాగాలవాళ్లు సార్” అనెను. అంతకుమించి అతనికి తెలియదు. ఆ పసుపు తలపాగాలవారిలో అధికులు రైతులు. కరవులు, పన్నులు, ఆస్థానమున లంచగొండితనము భరింపలేక, జాంగ్ జ్యావ్ అను వైద్యగురువు వెంట వారు తిరుగబడిరి. ఇంటివద్ద రాగిచేను గల బాలుడు, ఆకలిగొన్న రైతులను వేయిమందిని నరికి, వీరుడనని సంతోషించెను! మేము ఈ మాట చెప్పగా అతడు చాలసేపు మాటాడలేదు. సేనానులకు పేర్లు, ముఖములు, ప్రతిజ్ఞలు ఇచ్చిన ఈ ఆట, సామాన్యునకు ఒక అంకెను మాత్రమే మిగిల్చినది.

మన ప్రాంతమున ద్రౌపదమ్మ గుడుల కడ జరుగు భారత నాటకములను మీరందరును చూచినవారే. చివరి దినమున మైదానములో మట్టితో దుర్యోధనుని పెద్ద బొమ్మ చేయుదురు. వధ జరుగును, జనులు కేకలు వేయుదురు. కాని కథ అంతటితో ముగియదు. అతని భార్య వేషము ధరించినవారు వచ్చి విలపింతురు. శత్రువునకును ఏడ్చువారు ఉందురని చదువురాని పల్లెజనము మరువలేదు. తిక్కన సోమయాజి తెనిగించిన పదునైదు పర్వములలో యుద్ధపర్వముల వెనుకనే స్త్రీపర్వమును కలదు. ఈ ఆటలో లేనిది ఆ పర్వమే.

కావున తల్లులారా, తండ్రులారా! ఆటను నిషేధింపకుడు, ఒక్కసారి బిడ్డ ప్రక్కన కూర్చుండి, “వీడెవడు? ఎందుకు పోరాడుచున్నాడు?” అని అడుగుడు. విద్యార్థులారా! రెండు యుద్ధములు ఆడి, పిమ్మట యంత్రము నాపి, ఆ యుద్ధమును గూర్చి చదువుడు. ఈ ఆట తెలుగు మాటాడదు. దాని కథను తెలుగున చెప్పవలసినవారు మీరే. వచ్చు సంచికకు మీరు గెలిచిన యుద్ధమునొకదానిని, ఓడినవాని నోట చెప్పించి వ్రాసి పంపుడు. ఆ వేయిమందిలో ఒక్కనికైనను పేరు పెట్టిన బాలునే మేము నిజమైన వీరుడని తలచెదము.